1970 ఎంజీబీ: నిలకడ వేగంలో ఇంజను తడబాటు, ఆకుపచ్చ వైర్ల చిక్కు

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండులో లెస్టర్ దగ్గర ఉంటాను. నా దగ్గర 1970 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తెరుచుకునే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది. 1798 సీసీ ఇంజను, రెండు ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బొరేటర్లు, పాయింట్లతో (కాయిల్ కరెంటును తెంచి కలిపే చిన్న స్విచ్చి) పనిచేసే పాత డిస్ట్రిబ్యూటరు (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంపేది). రెండు నెలలుగా రెండు ఇబ్బందులు నన్ను వదలడం లేదు.

మొదటిది ఇంజను తడబాటు. గంటకు 50 మైళ్ల వేగంలో, యాక్సిలరేటరు మీద కాలు తేలిగ్గా ఆనించి సాఫీగా పోతున్నప్పుడు, ఇంజను ఉన్నట్టుండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి మళ్లీ అందుకుంటుంది. పెడలు పూర్తిగా తొక్కితే మాత్రం ఏ తడబాటూ లేకుండా లాగుతుంది. బండి నిలిపి ఉంచినప్పుడు కూడా ఇంజను నిలకడగానే తిరుగుతుంది. కుదుపు వచ్చిన ప్రతిసారీ ఆర్‌పీఎం మీటరు ముల్లు సున్నా వైపు పడి లేస్తోంది. ఒక గ్యారేజీలో చూపిస్తే కార్బొరేటర్ల లోపమేనని చెప్పి, వాటిని విప్పి, జెట్లూ నీడిళ్లూ కొత్తవి వేశారు. ప్లగ్గులు కూడా మార్చారు. ఖర్చయింది కానీ కుదుపు పోలేదు.

రెండోది వైరింగు. హీటరు ఫ్యాను తిరుగుతుండగా బ్రేకు తొక్కితే ఇండికేటర్లు నెమ్మదించి, ఒక్కోసారి వెలగడమే మానేస్తాయి, పెట్రోలు ముల్లు కూడా కిందికి జారుతుంది. డ్యాష్‌బోర్డు కింద చూస్తే పాత యజమాని అతికించిన ఎర్ర వైర్లు రెండు, నీలం ప్లాస్టిక్ క్లిప్పులు నాలుగు కనిపించాయి. అవి ఎక్కడ మొదలై ఎక్కడికి వెళ్తున్నాయో వైరింగు పటంలో లేదు.

ఈ రెండింటికీ మూలం ఒకటేనా? మొత్తం వైరింగు మార్చేయమని ఒక మిత్రుడు సలహా ఇస్తున్నారు. అంత పనికి దిగే ముందు మీ అభిప్రాయం తెలుసుకోవాలనుకుంటున్నాను.

జవాబు 1

ఎస్‌యూ కార్బొరేటర్లతో చాలాకాలంగా పనిచేస్తున్నాను కాబట్టి ఆ వైపు మాట మాత్రమే చెబుతాను. మీరు వర్ణించిన లక్షణం వాటిది కాదనిపిస్తోంది. డ్యాష్‌పాట్‌లో (కార్బొరేటరు పిస్టన్ కదలికను నెమ్మదింపజేసే నూనె గదిలో) నూనె తగ్గితే పెడలు హఠాత్తుగా తొక్కినప్పుడు ఇంజను తడబడుతుంది. పిస్టన్ మెల్లగా లేవాల్సింది ఒక్కసారిగా లేచిపోయి, ఆ క్షణానికి గాలి ఎక్కువై పెట్రోలు చాలకపోవడమే దానికి కారణం. పంపు నుంచి పెట్రోలు సరిగా రాకపోతే పూర్తిగా తొక్కినప్పుడే ఇంజను చతికిలపడుతుంది. మీ బండి సరిగ్గా ఆ రెండు సందర్భాల్లోనూ బాగుంటోంది. తృప్తి కోసం ఒక పరీక్ష చేయండి. ఇంజను వేడెక్కాక ఒక్కో కార్బొరేటరు పిస్టన్‌ను పిన్నుతో సుమారు 0.8 మిల్లీమీటరు పైకెత్తండి. ఇంజను వేగం కొద్దిగా పెరిగి వెంటనే యథాస్థితికి వస్తే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు, పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, ఆగిపోబోతే తక్కువైనట్టు. సరిగ్గా ఉందని తేలితే దయచేసి ఇక మిశ్రమం సర్దుబాటును ముట్టుకోకండి.

జవాబు 2

మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్లు బాగుచేసేవారు. అంబాసిడరులో చాలాకాలం నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజనూ మీ ఇంజనూ ఒకే వంశానివి, రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బీ సిరీస్‌వే. అందుకే మీ ప్రశ్న చదవగానే ఆయన డిస్ట్రిబ్యూటరు మూత తీసి, లోపలి చిన్న వైరును రెండు వేళ్లతో సాగదీసి చూసే దృశ్యం నాకు గుర్తొచ్చింది.

మీరు గమనించిన వాటిలో అన్నిటికంటే విలువైనది ఆర్‌పీఎం మీటరు ముల్లు పడిపోవడం. మీ ఏడాది బండ్లలో కాయిల్‌కు (బ్యాటరీ వోల్టేజిని ప్లగ్గులకు కావలసినంత పెంచే భాగానికి) వెళ్లే తెల్ల వైరులోని కరెంటు ఆర్‌పీఎం మీటరు గుండానే పోతుంది, ఆ కరెంటు ఎన్నిసార్లు తెగి అతుక్కుంటుందో లెక్కించి మీటరు ముల్లును కదుపుతుంది. పెట్రోలు అందకపోతే ఇంజనుతో పాటు ముల్లు మెల్లగా దిగాలి. రోటరు, క్యాపు, ప్లగ్గు వైర్లు చెడితే ముల్లు కదలకూడదు. ఒక్కసారిగా పడుతోందంటే కాయిల్ ప్రైమరీలోనే, అంటే బ్యాటరీ నుంచి కాయిల్, పాయింట్ల గుండా పోయే దారిలోనే, కరెంటు తెగుతోంది.

మరి నిలకడ వేగంలోనే ఎందుకు తెగాలి? పెడలు కొద్దిగా తొక్కి పోతున్నప్పుడు వ్యాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజను పీల్పుతో పనిచేసి నిప్పురవ్వను కాస్త ముందే రప్పించే భాగం) డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల ప్లేటును బాగా లాగి తిప్పుతుంది. పూర్తిగా తొక్కితే వ్యాక్యూమ్ పడిపోయి ప్లేటు వెనక్కి వచ్చేస్తుంది, నిలిపి ఉంచినప్పుడు కూడా అది దాదాపు కదలదు. ప్లేటు తిరిగిన ప్రతిసారీ దానికి కలిపిన సన్నని వైరూ, ప్లేటు ఎర్త్ వైరూ వంగుతాయి. ఏళ్ల తరబడి వంగీ వంగీ పైన తొడుగు బాగానే ఉన్నా లోపల రాగి పోగులు తెగిపోతాయి. ప్లేటు ఒక వైపు ఉన్నప్పుడు ఆ తెగిన కొనలు తాకుతాయి, ఇంకో వైపు తిరిగినప్పుడు విడిపోతాయి.

పరీక్షకు డబ్బు ఖర్చు లేదు. వ్యాక్యూమ్ గొట్టాన్ని డిస్ట్రిబ్యూటరు దగ్గర ఊడదీసి, కార్బొరేటరు వైపు కొనను గట్టిగా మూసి, అదే రోడ్డు మీద నడపండి. కుదుపు మాయమైతే దోషి దొరికినట్టే. మాయం కాకపోతే ఆర్‌పీఎం మీటరు వెనుక తెల్ల వైరు కనెక్షన్లు, ఇగ్నిషన్ స్విచ్చి చూడండి. మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ పాజిటివ్‌కూ ఇంకో కొనను కాయిల్ పాజిటివ్‌కూ ఆనించి వోల్టేజి నష్టం కొలవండి. అప్పుడు పాయింట్లు మూసుకుని ఉండాలి, లేకపోతే ఆ దారిలో కరెంటే ప్రవహించదు కాబట్టి మల్టీమీటరు ఏ నష్టాన్నీ చూపించదు. అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో తుప్పు ఉన్నట్టు.

రెండో ఇబ్బందిని దీనితో ముడిపెట్టకండి. బ్రిటిష్ బండ్ల రంగుల లెక్క ఒకసారి మనసుకు పట్టిందంటే పటం అవసరం సగం తగ్గుతుంది. గోధుమ రంగు వైరులో బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉంటుంది, తెల్లదానిలో తాళం తిప్పాకే వస్తుంది, ఫ్యూజు దాటిన తెల్లదే ఆకుపచ్చ, నల్లది ఎర్త్. హీటరు ఫ్యాను, బ్రేకు లైట్లు, ఇండికేటర్లు, పెట్రోలు మీటరు అన్నీ ఆకుపచ్చ దారివే. అవన్నీ కలిసి నీరసిస్తున్నాయంటే ఆ దారి మొదట్లోనే, అంటే ఫ్యూజు పెట్టెలోనే, లోపం ఉండే అవకాశం ఎక్కువ. ఫ్యాను వేసి, ఒకరిని బ్రేకు తొక్కమని, ఫ్యూజుకు రెండు వైపులా వోల్టేజి చూడండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. శనివారం వ్యాక్యూమ్ గొట్టం మూసి 20 మైళ్లు నడిపాను. ఒక్క కుదుపు కూడా రాలేదు. ఆదివారం డిస్ట్రిబ్యూటరు మూత తీసి పాయింట్లకు వచ్చే సన్నని వైరును మెల్లగా లాగి చూస్తే, మధ్యలో ఒకచోట అది రబ్బరులా సాగింది. తొడుగు కోసి చూశాను. లోపల రాగి పూర్తిగా తెగి ఉంది, తెగిన కొనలు రాసుకుని రాసుకుని నల్లబడ్డాయి. సన్నని పోగులు ఎక్కువగా ఉండి బాగా వంగే వైరు తెప్పించి వేశాను, ప్లేటు ఎర్త్ వైరు కూడా మార్చాను. పాయింట్ల సందు 0.015 అంగుళానికి సరిచేసి, టైమింగు (నిప్పురవ్వ వచ్చే సమయం) మళ్లీ చూసుకున్నాను. ఇప్పుడు నిలకడ వేగంలో బండి నీళ్ల మీద పడవలా పోతోంది. పిస్టన్ ఎత్తే పరీక్షలో రెండు కార్బొరేటర్లూ సరిగ్గానే ఉన్నాయి, అంటే వాటిని విప్పాల్సిన అవసరమే లేదు. అది తలచుకుంటే బాధగా ఉంది.

ఫ్యూజు దగ్గర తెల్ల వైరు వైపు 12.1 వోల్టులు, ఆకుపచ్చ వైపు 9.8 వోల్టులు చూపించింది. ఫ్యూజు తీస్తే దాని కొనలూ పట్టుకునే క్లిప్పులూ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. బ్యాటరీ ఊడదీసి, వాటిని ఎమ్రీ కాగితంతో మెరిసేదాకా రుద్దాను. ఇప్పుడు రెండు వైపులా తేడా 0.1 వోల్టు మాత్రమే. ఇండికేటర్లు చక్కగా కొట్టుకుంటున్నాయి. ఎర్ర వైర్ల సంగతి ఇంకా తేలలేదు. క్లిప్పును ఊడదీసినప్పుడల్లా ఏమి ఆగిపోతోందో రాసుకుంటున్నాను.

జవాబు 3

మొత్తం వైరింగు మార్చకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఈ బండ్ల అసలు వైర్లు చాలావరకు ఇంకా గట్టిగానే ఉంటాయి, చెడేవి అతుకులూ కనెక్టర్లే. ఆ నీలం క్లిప్పులు లోపలి బ్లేడుతో అసలు వైరు పోగుల్ని కోస్తాయి కాబట్టి, వాటిని తీసేశాక గాటు పడిన చోట కత్తిరించి బుల్లెట్ కనెక్టరుతో (వైరు కొనలకు గుండ్రటి లోహపు ముక్కలు తొడిగి చిన్న గొట్టంలోకి నొక్కే జోడింపుతో) కలపండి.

ఫ్యూజు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. పాత బ్రిటిష్ గాజు ఫ్యూజు మీద 35 ఆంపియర్లు అని ఉంటే అది కాలిపోయే విలువ, ఎడతెగకుండా మోయగలిగేది 17 మాత్రమే. ఈనాటి ఫ్యూజుల మీద రాసేది మోయగలిగే విలువ. 35 అని చూసి నేటి 35 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే వైరు కాలినా అది కాలదు. 15 లేదా 17 ఆంపియర్లది వేయండి.