దర్జీ పాత్ర కాగితం మీంచి లేవడం లేదు, లోపం ఎక్కడ?

చిత్తుప్రతి:
కథ 2,200 పదాలు. కరీంనగర్ పక్క పల్లెలో బట్టలు కుట్టే ఆవిడ, 45 ఏళ్లు. కూతురి కాలేజీ ఫీజు కట్టాలి, అన్నను అడగలేదు. చదివిన ముగ్గురిదీ ఒకటే మాట: ‘జాలేసింది గానీ మనిషి కనబడలేదు’ అని. మొదటి పేజీలో ఆమె గతమంతా ఉంది. యాస కూడా పెట్టాను.

ఎర్రసిరా:
గతమంతా మొదటి పేజీలో ఉండటమే లోపం. పుట్టుక, పెళ్లి, భర్త పోవడం రచయిత దగ్గర ఉండాల్సిన సరుకు. ఆ పేజీ పక్కన పెట్టి, ఆది జాకెట్ పట్టుకుని ఎవరో గుమ్మంలోకి వచ్చే చోట మొదలుపెట్టండి. తీసేసిన దాంట్లో ఏ ముక్క లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదో అది మాత్రం, అవసరం పడ్డ చోట ఒక్క వాక్యంలో చెప్పండి.

ఇక డబ్బు. అంకె కథలో రాయకపోయినా మీకు తెలియాలి. ఫీజు 18,000, చేతిలో 6,500, జాకెట్‌కు కూలి 250 అనుకుందాం. ఇంకా 46 జాకెట్లు కుట్టాలి. రోజుకు నాలుగు లెక్కన 12 రోజులు. గడువు పదిరోజులే అయితే? రాత్రుళ్లు కూర్చోవాలి, లేదా వరస తప్పించి ఎక్కువిచ్చే వాళ్లవి ముందు కుట్టాలి, లేదా అన్న గడప తొక్కాలి. ఈ లెక్క వేసుకోకపోతే ‘ఆర్థిక ఇబ్బందులు’ అన్న మాట దగ్గరే కథ ఆగిపోతుంది.

కత్తెరపని:
పనిని దగ్గరగా చూపండి. చీరతో వచ్చే జాకెట్ ముక్క మామూలుగా 80 సెంటీమీటర్లు. ఒళ్లున్న మనిషి మోచేతి దాకా చేతులు కావాలంటే చాలదు. “చేతులు కొంచెం పొట్టిగా పెడదామా అక్కా” అని నసిగే ఆవిడ వేరు, “గుడ్డ చాలదు” అని ముక్క వెనక్కి తోసే ఆవిడ వేరు. మీ పాత్ర ఇద్దరిలో ఎవరో తేల్చుకుంటే ‘మంచి మనసున్న మనిషి’ అన్న వాక్యం కొట్టేయొచ్చు.

పక్క కుట్ల దగ్గర లోపల కొంచెం గుడ్డ వదులుతారు, తర్వాత ఒళ్లు వస్తే విప్పుకోవడానికి. కూతురి జాకెట్‌కు ఆమె ఎంత వదిలింది?

నెల కూడా చూసుకోండి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, పని పలచబడుతుంది. బతుకమ్మ ముందు గుడ్డలు కుప్పపడతాయి. ఫీజు గడువు ఆషాఢంలో పెడితే ఆమెకు గిరాకీ లేదు, బతుకమ్మ ముందు పెడితే నిద్ర లేదు. రెండూ వేర్వేరు కథలు.

మానేరు_గట్టు:
యాస సంగతి నేను చెప్తా. ప్రతి మాటకూ ‘గట్ల’, ‘జర’, ‘బిడ్డా’ తగిలిస్తే అది సినిమా హాస్యగాడి తెలంగాణ. ముందు క్రియలు చూసుకోండి. ‘ఇస్తాను’ కాదు, ‘ఇస్త’. ‘వచ్చాడు’ కాదు, ‘వచ్చిండు’; కరీంనగర్ వైపు ‘అచ్చిండు’ అని కూడా అంటరు. క్రియ సరిగ్గా పడితే మిగతా పదాలు మామూలువైనా చెవికి ఒప్పుతయి. ‘వచ్చాడు’ అలాగే ఉంచి పక్కన ‘గట్లనే’ పెడితే అతుకు కనబడుతది. పిలుపులు కూడా: తల్లి ‘అవ్వ’, తండ్రి ‘బాపు’.

పెన్నేటి_ఒడ్డు:
‘అవ్వ’ దగ్గర జాగ్రత్త. మా సీమలో అవ్వంటే అమ్మమ్మో నాయనమ్మో. అలాగని పక్కన అర్థం రాయొద్దు, చదివేవాడి చెయ్యి పట్టుకుని నడిపించినట్టుంటుంది. ఆ పిలుపు మొదటిసారి వచ్చే చోటే “నువ్వు కన్న బిడ్డనే కదా అవ్వా” లాంటి మాట పడితే చాలు.

వరసలు కూడా ఒకసారి సరిచూడండి. మేనత్త కొడుకు బావ, పిన్ని కొడుకు అన్నో తమ్ముడో. కథ మధ్యలో చుట్టరికం మార్చి, పాత పిలుపు ఒకచోట మర్చిపోవడం చాలా మామూలు.

ఎర్రసిరా:
వయసులకూ ఒక కాగితం పెట్టుకోండి. కథ 2024లో జరిగితే ఆమె పుట్టింది 1979లో, పదో తరగతి 1994–95లో. ఆ రోజుల జ్ఞాపకంలోకి సెల్‌ఫోన్ దూరకూడదు. ఎస్‌టీడీ బూత్ ఉండొచ్చు. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేది, జనం అప్పుడే వచ్చేవాళ్లు.

ఇంకోటి, ‘కళ్లు చెమర్చాయి’, ‘గుండె బరువెక్కింది’ ఎన్నిసార్లున్నాయో లెక్కపెట్టండి. ఒకటి దాటితే మిగతావి తీసేసి, ఆమె చేతులేం చేస్తున్నాయో రాయండి.

చిత్తుప్రతి:
ఐదు. సిగ్గేస్తోంది. ఒక్కటే చిక్కు మిగిలింది. అన్న ఇంటికి పంపాను గానీ, డబ్బు అడిగే మాట ఆమె నోట రావడం లేదు.

కత్తెరపని:
రాని మాటను లాగొద్దు. కథకు కావాలని మీరు పంపారు, ఆమెకు అక్కడ పని లేదు. పని కల్పించండి. వదినె జాకెట్ కుట్టి ఇవ్వడానికి వెళ్లిందనుకోండి. వదినె కూలి ఎంతని అడుగుతుంది. మీ దర్జీ ‘ఇంటి మనిషివి, వద్దులే’ అంటుందా, 250 అంటుందా?

చిత్తుప్రతి:
మూడొందలు అంటుంది.