అప్‌డేట్: ఫ్లోరిన్ పంజరంలో బెంజీన్ ఎందుకు నిలుస్తుందో అర్థమైంది

గోడలనిండా ఫ్లోరిన్ ఉన్న అణు పంజరం (మధ్యలో ఖాళీ ఉన్న పెద్ద అణువు) బెంజీన్‌ను, అంటే ఆరు కార్బన్ల వలయంలా ఉండే చిన్న అణువును, ఎలా పట్టి ఉంచుతుంది, ఫ్లోరిన్ నిండిన గోడకు ఏదీ సరిగా అంటుకోదు కదా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

నేను ఫ్లోరిన్‌నే చూస్తూ కూర్చున్నాను. చూడాల్సింది పంజరం గోడలో అది తగులుకున్న కార్బన్ వలయాన్ని. ఫ్లోరిన్లు ఎలక్ట్రాన్లను అంచులకు లాగేస్తే వలయం మధ్యభాగం కాస్త ధనావేశంగా మారుతుంది. మామూలు బెంజీన్‌కి అక్కడ రుణావేశం. అందుకే రెండూ పలకల్లా ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. మీలో ఒకరు చెప్పిన ఉదాహరణతో కళ్లు తెరుచుకున్నాయి: బెంజీన్, హెక్సాఫ్లోరోబెంజీన్ (హైడ్రోజన్లన్నిటి చోటా ఫ్లోరిన్లున్న బెంజీన్) విడివిడిగా 5 డిగ్రీల దగ్గరే కరుగుతాయి, సమపాళ్లలో కలిపితే సుమారు 24 డిగ్రీల దాకా గడ్డగానే ఉంటాయి!

నిన్న ఫ్లోరిన్ ఎన్‌ఎంఆర్ తీశాను (అయస్కాంత క్షేత్రంలో ఫ్లోరిన్ పరమాణువుల సంకేతాలను పీక్‌లుగా చూపే పరీక్ష). ఖాళీ పంజరానికో పీక్, నిండినదానికో పీక్, విడివిడిగా. అంటే బెంజీన్ లోపలికీ బయటికీ గబగబా తిరగట్లేదు. చోటు కూడా ముఖ్యమే. బెంజీన్‌కి ఒక్క మిథైల్ (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల గుంపు) తగిలించినట్టుండే టోలుయీన్ వేస్తే రెండో పీక్ రానేలేదు.