ద్రవాభిసరణంలోని ‘అభి’

ద్రవాభిసరణాన్ని (osmosis) ‘పొర గుండా జరిగే నీటి విసరణ (diffusion)’ అని వివరిస్తే సరిపోతుందా అని ఒక మిత్రులు అడిగారు. సరిపోదని నా అభిప్రాయం. ఎందుకు సరిపోదో ఆ రెండు మాటల్లోని ఉపసర్గలే చెబుతున్నాయి.

రెండింటికీ మూలం కదలికను తెలిపే ‘సృ’ ధాతువే. ‘వి’ చేరితే నలుదిక్కులకూ వ్యాపించడం, ‘అభి’ చేరితే ఒకదాని వైపు సాగడం. ప్రియుడున్న చోటికి తానే బయలుదేరే నాయికను అభిసారిక అన్నది ఈ అర్థంలోనే. (విసరణను ‘విసరు’ క్రియతో ముడిపెట్టకూడదు, అది అచ్చ తెలుగు మాట, దీనితో చుట్టరికం లేదు.) అయితే ‘అభి’ ఉన్నంత మాత్రాన ప్రతి అణువూ అటే పోతుందనుకోరాదు. పొరను నీటి అణువులు రెండు వైపులా దాటుతూనే ఉంటాయి. పలుచని ద్రావణం నుంచి చిక్కని (కరిగిన పదార్థం ఎక్కువున్న) ద్రావణం వైపు వెళ్లేవి ఎక్కువ కనుక, నికరంగా నీరు అటు చేరుతుంది.

దీనికి కప్ప మంచి ఉదాహరణ. అది నీటిని నోటితో తాగదు. వెనుక కాళ్లను ఎడంగా చాపి, పొట్ట కింది భాగాన్ని తడి నేలకు అదిమి కూర్చుంటుంది. అక్కడి చర్మం పలుచన, దాని కింద రక్తనాళాలు దట్టం, ఆ రక్తం బయటి నీటికన్నా చిక్కన; అందుకే నీరు లోపలికి నడుస్తుంది. ఈ నడక విసరణేనా అన్న ప్రశ్నను 1953లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు కోఫోడ్-యోన్సెన్, ఉస్సింగ్ గోదురుకప్ప చర్మం మీదనే పరీక్షించారు. భారజలాన్ని (బరువైన హైడ్రోజన్ ఉన్న నీటిని) ఆనవాలుగా వాడి అణువుల విసరణను ఒకవైపు, నికరంగా దాటిన నీటిని మరొకవైపు కొలిచారు. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి హార్మోను తగలగానే నికర ప్రవాహం ఎన్నో రెట్లు పెరిగింది. విసరణ మాత్రం ఆ పాటి పెరగలేదు. కేవలం విసరణే అయితే రెండూ ఒకే నిష్పత్తిలో పెరగవలసింది కనుక, నీరు రంధ్రాల గుండా ప్రవహిస్తోందని వారు నిర్ణయించారు. 1992లో అమెరికా శాస్త్రవేత్త పీటర్ ఆగ్రే బృందం కణపు పొరలో నీటికి దారిగా ఉండే ప్రోటీన్‌ను గుర్తించింది. దానికి ఆక్వాపోరిన్ అని పేరు. నిజానికి ఆ దారి చాలా ఇరుకు: అణువులు ఒకదాని వెనుక ఒకటిగానే పోవాలి, అయినా ఒక్కొక్క దారిలో సెకనుకు సుమారు 300 కోట్ల అణువులు దాటగలవు. ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ లభించింది.

కాబట్టి నిర్వచనంలో విసరణను పక్కన పెట్టి, ‘పొర గుండా ద్రావణి (కరిగించుకునే ద్రవం, ఇక్కడ నీరు) నికరంగా చిక్కని ద్రావణం వైపు సాగడం’ అని రాయడం మేలు. ఈ పదంలో నాకున్న అసంతృప్తి ‘ద్రవ’ ఒక్కటే: సాగేది ద్రావణి, మొత్తం ద్రవం కాదు. అయినా ‘ద్రావణ్యభిసరణం’ నోరు తిరగని మాట, దానిని నేను ప్రతిపాదించను.

పొరకు వాడే ‘త్వచం’ అనే మాట విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. సంస్కృతంలో దాని అర్థం చర్మమే. పాఠ్యపుస్తకాలు దానిని కణాన్ని చుట్టిన పలుచని పొరకు స్థిరపరిచాయి. కప్ప చర్మం కణాల అనేక వరుసలు, అందులో ప్రతి కణానికీ తన త్వచం ఉంది. అందువల్ల ‘కప్ప త్వచం’ అని రాస్తే ఏది ఉద్దేశించారో తెలియదు. చర్మాన్ని చర్మమనే రాద్దాం.