కాలిఫోర్నియాలో పోలీస్ ఉద్యోగం: బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటితే సర్టిఫికేట్ వచ్చేసినట్టేనా?

ప్రశ్న: మా అక్క కొడుకు కాలిఫోర్నియాలో పోలీస్ ఉద్యోగానికి అప్లై చేస్తున్నాడు. గ్రీన్ కార్డు ఉంది, సిటిజన్ కాలేదు. పదో తరగతి దాకా గుంటూరులోనే చదివాడు. ఒక డిపార్ట్‌మెంట్ చెక్ దాటితే సర్టిఫికేట్ గురించి ఇక బెంగ అక్కర్లేదా? కాలేజీ రోజుల్లో ఒక షాపు వాళ్లు పనిలోంచి తీసేశారు, అది రాయాలా అని టెన్షన్ పడుతున్నాడు.

జవాబు: రెండూ వేరండీ. చెక్ చేసేది ఉద్యోగం ఇచ్చే డిపార్ట్‌మెంట్, సర్టిఫికేట్ ఇచ్చేది పోస్ట్ అనే రాష్ట్ర కమిషన్. చెక్ ఎలా చేయాలో నియమాలు పెట్టేదీ పోస్టే, ఫైళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో తనిఖీ చేసేదీ అదే. ఉద్యోగంలో చేరాక ముందు ప్రూఫ్ ఆఫ్ ఎలిజిబిలిటీ అని ఒక అర్హత పత్రం ఇస్తారు, అకాడమీ, ప్రొబేషన్ పూర్తయితే బేసిక్ సర్టిఫికేట్. రేపు ఇంకో ఊరి డిపార్ట్‌మెంట్‌కి మారితే సర్టిఫికేట్ ఉన్నా సరే, మామూలుగా చెక్ మళ్లీ మొదటి నుంచీ చేస్తారు. గ్రీన్ కార్డు గురించి భయం వద్దు, 2023 నుంచి పని చేసే చట్టబద్ధమైన అనుమతి ఉంటే రాష్ట్ర చట్టం అడ్డు చెప్పదు. వయసు మాత్రం 21 నిండాలి.

ఇంకో జవాబు: అన్న చెప్పింది కరెక్టే. ఒకప్పుడు తప్పు చేసిన ఆఫీసర్ రాజీనామా చేసి పక్క ఊళ్లో చేరిపోయేవాడు, అక్కడి చెక్‌లో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు, ఎందుకంటే సర్టిఫికేట్ రద్దు చేసే అధికారమే లేని నాలుగు రాష్ట్రాల్లో 2021 దాకా కాలిఫోర్నియా ఒకటి (ఇంత పెద్ద రాష్ట్రం!). ఆ అధికారం ఇచ్చిన ఎస్‌బీ 2 అనే రాష్ట్ర చట్టం వచ్చాక, ఆఫీసర్ మధ్యలో రాజీనామా చేసినా డిపార్ట్‌మెంట్ విచారణ పూర్తి చేసి పోస్ట్‌కి పంపాల్సిందే. రద్దయిన వాళ్ల వివరాలు రాష్ట్రాలన్నీ చూసుకునే జాతీయ జాబితాకి కూడా వెళ్తాయి.

ప్రశ్న: మరి ఆ షాపు సంగతి?

జవాబు: రాసేయమనండి, కారణంతో సహా. పాత యజమానుల్ని ఎలాగూ అడుగుతారు. పనిలోంచి తీసేయడం ఒక్కటే అయితే సర్దిచెప్పుకోవచ్చు, దాచినట్టు తేలితే మాత్రం పని అక్కడితో అయిపోతుంది. అలాగే గుంటూరు సర్టిఫికేట్లలో ఇంటిపేరు ముందుంటే, ఇక్కడి కాగితాల్లో చివర ఉంటే, ఆ తేడా ఫారంలో ముందే చెప్పేయమనండి, లేకపోతే ఇన్వెస్టిగేటర్ ఫోన్ చేసి అదే అడుగుతాడు.