మ్యూజియంలో బొమ్మల్ని కాకుండా, చూసేవాళ్లని ఫొటో తీసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కోటగుమ్మం (విజయనగరం):
సెలవుల్లో హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో తీసిన ఫొటోలు చూసుకున్నాను. బొమ్మలవన్నీ చప్పగా ఉన్నాయి. మేలిముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం దగ్గర ఒక పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ముసుగు రాయా గుడ్డా అని వంగి చూస్తున్న ఫొటో ఒక్కటే బాగా కుదిరింది. మనవైపు ఇలాంటివి తీసేవాళ్లుంటే ఎలా తీస్తారో చెప్పండి.

వంశధార_ఒడ్డు (శ్రీకాకుళం):
నేను మా శాలిహుండం బౌద్ధ క్షేత్రం మ్యూజియంలో తీస్తుంటాను. సిబ్బందిని అడిగి, ఒక విగ్రహం పక్కన నిలబడిపోతాను. జనం వెంట తిరిగితే ఏదీ దొరకదు. ఒకావిడ మారీచి విగ్రహం ముందు చెప్పులు విప్పి, చెంపలేసుకుని మరీ మొక్కింది. బౌద్ధుల దేవత అని తెలుసో తెలీదో! అది మాత్రం తీయలేదు. దణ్ణం పెట్టేవాళ్లని తీయను.

గంటస్తంభం (విజయనగరం):
సాలార్‌జంగ్ వెళ్లి గడియారాన్ని వదిలేశారా గురూ! గంట కొట్టే బొమ్మ కోసం జనం ముందే వచ్చి కూర్చుంటారు. గడియారానికి వీపు పెట్టి వాళ్ల మొహాలు తీయాలి. బొమ్మ బయటికి రాగానే పెద్దవాళ్ల ఫోన్లన్నీ ఒక్కసారి లేస్తాయి, పిల్లలే కళ్లతో చూస్తారు. ఒకే చెక్కలో ముందు ఒకరు, వెనక ఒకరుగా చెక్కిన మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా విగ్రహం వెనక అద్దంలో చూసేవాళ్లూ పడతారు. మీరూ పడతారు, చూసుకోండి.

తోటపాలెం_కెమెరా:
సైలెంట్ షట్టర్‌తో (క్లిక్ శబ్దం రాకుండా) తీస్తే ఫొటోలో చారలొస్తున్నాయి. ఎందుకు?

వంశధార_ఒడ్డు:
లైట్ల వల్ల. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ స్పీడు 1/50 సెకను గానీ 1/100 గానీ పెట్టి, ఫొటో చీకటిగా వస్తే ఐఎస్ఓ (కెమెరా వెలుతురు పట్టే సెట్టింగు) పెంచండి. ఫ్లాష్ జోలికి పోకండి.
ఇంకోటి, ఎలియట్ ఎర్విట్ అనే ఫొటోగ్రాఫర్ 1995లో మాడ్రిడ్ ప్రాడో మ్యూజియంలో తీసిన ఫొటో వెతికి చూడండి. గోయా వేసిన ఒకే అమ్మాయి బొమ్మలు రెండు పక్కపక్కన ఉంటాయి. బట్టలున్న బొమ్మ ముందు ఒక్క ఆడమనిషి, బట్టల్లేని బొమ్మ ముందు మగాళ్ల గుంపు! అందరూ అటు తిరిగే ఉన్నా సంగతంతా తెలిసిపోతుంది. అందుకే నేనూ వెనకనుంచే తీస్తాను.

సిక్కోలు_చిన్నది:
వెనకనుంచైతే అడగక్కర్లేదా అండీ? ఒక మ్యూజియంలో ఒకాయన నన్నలాగే తీశాడు. అడిగితే "బొమ్మని తీశానండి" అన్నాడు. చూపించమంటే సగం ఫొటో నేనే! తీశాక చూపించండి, వద్దంటే వాళ్ల ఎదురుగానే డిలీట్ చేయండి.

వంశధార_ఒడ్డు:
నిజమే, అడగాల్సిందే. నేను చూపిస్తాను. ఒక తాతకి చూపిస్తే, "ఏటి బావూ, ఇంత దూరం వచ్చి నా బట్టతల తీసినావా?" అన్నాడు. డిలీట్ చేయబోతే ఆపి, మనవరాలి వాట్సాప్ నంబరు చెప్పాడు.