బావ రెండు రూపాయల వడ్డీ ఇస్తానంటున్నాడు, ఆ డబ్బు తీసుకోవచ్చా?

ఎమ్మార్‌పల్లి ల్యాబ్:

మాది తిరుపతి. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, వయసు 43. చంద్రగిరి దగ్గర నాన్న పేరు మీదున్న స్థలం అమ్మితే నా వాటాకు 12 లక్షలు వచ్చాయి. ఇంత డబ్బు ఒక్కసారి కళ్ల చూడటం నాకు ఇదే మొదలు. పాప ఇంటర్ రెండో సంవత్సరం. జీతం ఇంటికి సరిపోతుంది, అంతే. ఈ డబ్బు నెలనెలా కొంత తెచ్చిపెడితే పాప చదువుకు అప్పు చేయకుండా గట్టెక్కుతామని ఆశ.

మా అక్క భర్త డైలీ ఫైనాన్స్ నడుపుతాడు. తోపుడుబండ్ల వాళ్లకు, పూల వాళ్లకు, టిఫిన్ అంగళ్లకు ఇస్తాడు. పది వేలు రాసుకుని చేతికి 8,500 ఇస్తాడు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. నా 12 లక్షలు తనకిస్తే నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్కన నెలకు 24,000 నా ఖాతాలో వేస్తానంటున్నాడు. "నువ్వు ఎవరి గడపా తొక్కక్కర్లేదు, వసూలంతా నాది. స్వామే కుబేరుడికి వడ్డీ కడుతున్నాడు, మనకేం తప్పు" అంటాడు. పాసివ్ ఇన్‌కమ్ అంటే ఇదే కదా అని నా భార్య కూడా అంటోంది.

మా అమ్మ గోవిందరాజస్వామి గుడి దగ్గర పదిహేడేళ్లు పూలు అమ్మింది. ఇలాగే కంతులు కట్టింది. పొద్దు వాలాక చిన్న నోటుబుక్కు పట్టుకుని ఒకాయన స్కూటర్ మీద వచ్చేవాడు. వాన పట్టి మూర పూలు కూడా పోని రోజున, ఆయన రాకముందే ఎవరినైనా అడిగి తెమ్మని అమ్మ నన్ను పంపేది. ఆయన ఏనాడూ ఒక్క మాట తూలలేదు. అయినా ఆ స్కూటర్ చప్పుడుకు నా కడుపులో తిప్పేది. అప్పట్లో ఆయన ఒక్కడే కనిపించాడు. ఆయన వెనక ఉన్న డబ్బు ఎవరిదో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. నాలాంటి ఏ ఉద్యోగస్తుడిదో అయి ఉంటుంది.

నాకు సంపాదించాలనే ఉంది, డబ్బు చెడ్డదని అనుకోను. కూర్చుని తినే ఆదాయంలో ఎవరినీ ఏడిపించనిది ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

పుత్తూరు మామిడితోట:

అన్నా, నేను తీసుకున్నవాడిని, ఆ వైపు నుంచి చెబుతాను. ఒక ఏడాది తోతాపురి ధర పడిపోయి కోత కూలీలకు కూడా చేతిలో లేదు. బ్యాంకుకు పోతే కాగితాలు, జామీను, వారం తర్వాత రమ్మన్నారు. ఫైనాన్స్ ఆయన రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చి డబ్బు ఇచ్చి పోయాడు. ఆయన లేకపోతే కాయ చెట్టుమీదే కుళ్లేది. మీరు ఇవ్వకపోతే ఇంకొకరిస్తారు, పూలమ్మకు వడ్డీ ఏమీ తగ్గదు. మీ మనసు కష్టం అర్థమవుతుంది, కానీ ఇచ్చేవాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి.

చిత్తూరు బ్యాంకు విశ్రాంత ఉద్యోగి:

బాబూ, పది వేలకు 1,500 కోత అంటే పదిహేను శాతమే అనిపిస్తుంది. ఒకసారి కాగితం మీద వేసి చూడండి. ఆమె చేతికి వచ్చింది 8,500. మర్నాటి నుంచే రోజూ వంద వెనక్కి పోతోంది, అంటే వంద రోజుల్లో సగం రోజులు సగానికన్నా తక్కువ డబ్బే ఆమె దగ్గర ఉంటుంది. మిగిలిన అసలు మీద లెక్కిస్తే రోజుకు 0.33 శాతం పడుతుంది. అంటే నెలకు దాదాపు పది రూపాయల వడ్డీ, ఏడాదికి 120 శాతం. అందులో మీకు రెండు రూపాయలు, మిగతాది మీ బావ ఖర్చులకు, మొండి బాకీలకు, లాభానికి. పుత్తూరు ఆయన చెప్పిన రాత్రి తొమ్మిది గంటల సాయం నిజమే. కానీ పూలమ్మ ఏడాది పొడవునా అదే అప్పు తిప్పుతూ ఉంటే దాన్ని ఆపద అప్పు అనలేం.

అదే 12 లక్షలకు ఏడు శాతం వచ్చిందనుకోండి, నెలకు 7,000. మీకు కనిపిస్తున్న తేడా 17,000. ఆ తేడా ఎవరి బుట్టలోంచి వస్తుందో మీకు నాకన్నా బాగా తెలుసు.

మీకూ ప్రమాదం ఉంది. మీ చేతిలో ఉండేది ఒక ప్రాంసరీ నోటు. దాని మీద కోర్టుకెళ్లడానికి మూడేళ్లే గడువు. అక్క కాపురం మీద దావా వేస్తారా? పైగా 20,000, ఆపై అప్పు నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది, వచ్చే వడ్డీకి పన్నూ ఉంది.

పూర్తిగా మడి కట్టుకున్న పెట్టుబడి దొరకదు. పెద్ద కంపెనీల షేర్లలో పెట్టే నిఫ్టీ 50 ఫండ్ కొన్నా అందులో సిగరెట్లు చేసే ఐటీసీ ఉంది. బ్యాంకులో వేసినా అది ఇంకొకరికి అప్పుగా పోతుంది. కాకపోతే అక్కడ వడ్డీ రేటు కాగితం మీద ఉంటుంది, అన్యాయం జరిగితే ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. డిపాజిట్లకు ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకే బీమా ఉంది కాబట్టి విడగొట్టి వేయండి. ఇక పూలవాళ్ల కోసం 2020 నుంచి పీఎం స్వనిధి ఉంది, వీధి వ్యాపారులకు బ్యాంకు అప్పు ఇప్పించే కేంద్ర పథకం. చిన్న మొత్తంతో మొదలై, సక్రమంగా కడితే తర్వాతి విడత పెరుగుతుంది, వడ్డీలో 7 శాతం రాయితీ వస్తుంది.

కొర్లగుంట అక్క:

తమ్ముడూ, నాది అద్దెల ఆదాయం. మూడు పోర్షన్లు, అందరూ చదువుకునే ఆడపిల్లలు. అద్దెలో పాపం లేదనుకునేదాన్ని. ఒకసారి ఒక అమ్మాయి ఖాళీ చేస్తే సున్నం కొట్టించాలని చెప్పి అడ్వాన్సులో పది వేలు పట్టుకున్నాను. గోడలు బాగానే ఉన్నాయి, నాకు తెలుసు. వాళ్ల నాన్న మదనపల్లె నుంచి బస్సులో వచ్చి, నా మాట విని, సరేనమ్మా అని వెళ్లిపోయాడు. గొడవ పడి ఉంటే మరిచిపోయేదాన్నేమో. ఆ పది వేలు తర్వాత పంపించాను. అప్పటి నుంచి రెండు నెలల అడ్వాన్సుకు మించి తీసుకోను. 2021 నమూనా అద్దె చట్టంలో కూడా అంతే ఉందని తర్వాత తెలిసింది. మోటారు కాలితే ఆ రోజే బాగు చేయిస్తాను. ఇదేమీ కూర్చుని తినడం కాదు, పనే.

మీ బావ స్వామి మాట ఎత్తాడు కదా, స్వామి పెళ్లికి అప్పు తీసుకుని కడుతున్నవాడు. వసూలుకు పోయేవాడు కాదు.

ఎమ్మార్‌పల్లి ల్యాబ్:

అందరికీ నమస్కారం. పుత్తూరు అన్నా, మీ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. అందుకే నిన్న అమ్మను తీసుకుని గుడి దగ్గరికి వెళ్లాను. అమ్మ పక్కన కూర్చునే ఆవిడ ఇంకా అక్కడే ఉంది. పెరటాసి (తమిళ నెల) శనివారాల్లో బుట్ట ఖాళీ అవుతుందట, ఆషాఢంలో పూలు వాడిపోతాయట, కంతు మాత్రం ఒకటేనట. ఒక అప్పు తీరకముందే ఇంకొకటి రాయించుకుంటోంది. రోజుకెంత అని అమ్మ అడిగింది. రెండు చోట్ల కలిపి రెండు వందలు అంది. అమ్మ దారిలో ఇంకేమీ మాట్లాడలేదు.

బావకు వద్దని చెప్పాను. కోపం వచ్చింది. అక్క ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది, ఆ బాధ ఇంకా ఉంది. డబ్బు మూడు బ్యాంకుల్లో నాలుగేసి లక్షలు వేస్తున్నాను. నెలకు పదిహేడు వేలు తక్కువే, పాప ఫీజుకు ఓవర్‌టైమ్ డ్యూటీలు అడిగాను.

సార్, స్వనిధి గురించి ఆవిడను అడిగాను. పేరు రాసుకుపోయారట, ఆధార్‌కు ఫోన్ నంబరు కలపలేదని అక్కడే ఆగిపోయిందట. శనివారం నాకు ఆఫ్. ఆధార్ సెంటర్‌కు నేనే తీసుకెళ్తాను. ఇంకా ఏమేం కాగితాలు కావాలి?

చిత్తూరు బ్యాంకు విశ్రాంత ఉద్యోగి:

కార్పొరేషన్ ఇచ్చిన వీధి వ్యాపారి గుర్తింపు కార్డు. అది లేకపోతే సిఫారసు లేఖ అడగండి, ఇస్తారు. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు. ఉదయం పెందలాడే వెళ్లండి బాబూ, మధ్యాహ్నానికి ఆవిడ బుట్ట దగ్గరికి తిరిగి రావాలి కదా.