పెళ్లి క్యాసెట్లు డీవీడీలోకి: ప్లస్ ఆర్‌డబ్ల్యూ రికార్డరా, ర్యామ్ రికార్డరా, హార్డ్ డిస్క్ ఉన్నదా?

క్యాసెట్లపెట్టె: ఈ-180 వీహెచ్‌ఎస్ టేపులు 22, అన్నీ పాల్ (మన దేశపు టీవీ పద్ధతి). సెకండ్ హ్యాండ్ డీవీడీ రికార్డర్లలో ఫిలిప్స్ (ప్లస్ ఆర్‌డబ్ల్యూ రకం డిస్క్‌లకు), పానసోనిక్ (ర్యామ్, మైనస్ ఆర్ రకం డిస్క్‌లకు), 80 జీబీ హార్డ్ డిస్క్ ఉన్న పయొనీర్ దొరుకుతున్నాయి. ఏది మేలు? ఏ మోడ్ (రికార్డింగ్ నాణ్యత) పెట్టాలి? రెండు టేపులకు బూజు పట్టింది, వాటినేం చేయాలి?

ప్లస్‌పార్టీ: ప్లస్ ఆర్‌డబ్ల్యూ తీసుకోండి. ఫైనలైజ్ (వేరే ప్లేయర్లు చదివేలా డిస్క్‌ను ముగించడం) గోల ఉండదు. మైనస్ ఆర్‌లో ఫైనలైజ్ మధ్యలో కరెంటు పోతే డిస్క్ గోవిందా. ర్యామ్ మీద లక్షసార్లు రాసుకోవచ్చు గానీ మామూలు ప్లేయర్లు దాన్ని చదవవు.

దూరదర్శన్‌ప్రియ: మోడ్ సంగతి చెప్తా. వీహెచ్‌ఎస్‌లో ఉండేదే 240 లైన్లు. ఎల్‌పీ పెట్టండి, డిస్క్‌కు 4 గంటలు పడతాయి. ఎస్‌పీ (2 గంటల మోడ్) దండగ.

బిట్‌రేట్‌బాబాయ్: ఆ 240 అడ్డంగా కొలిచేది తల్లీ, నిలువు 576 గీతలూ టేపులో ఉంటాయి. పాత మెషీన్లలో ఎల్‌పీ అంటే 352×576, అంతవరకు సరే. ఈపీలో (ఇంకా ఎక్కువ గంటలు పట్టే మోడ్) 352×288కు పడిపోతుంది, సగం ఫీల్డులు పోయి కదలిక కుదుపుతుంది.

దూరదర్శన్‌ప్రియ: నేను ఈపీ అన్నానా? చదివి రాయండి.

బిట్‌రేట్‌బాబాయ్: ఎల్‌పీకీ చెప్తున్నా. 4.7 జీబీలో 4 గంటలంటే సెకనుకు 2.6 మెగాబిట్లే. టేపు రవ్వే (బొమ్మలో కదిలే చుక్కలే) అందులో సగం తినేస్తుంది. తలంబ్రాల సీన్ వేసి చూడండి, బియ్యం గింజలన్నీ గళ్లుగళ్లు! 3 గంటల టేపుకు పానసోనిక్‌లో ఎఫ్‌ఆర్ (నిడివి మనమే చెప్పే మోడ్) పెట్టి 3 గంటలు ఇస్తే దాదాపు 3.5 వస్తుంది. వందల టేపులు ఎక్కించిన చేయి ఇది.

దూరదర్శన్‌ప్రియ: వందల టేపులైతే లెక్క మారుతుందా? 3.5కీ 2.6కీ తేడా చిన్న టీవీలో కనబడదు.

డల్లాస్‌లోమనోడు: ఇక్కడివాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. అమెరికా వీసీఆర్‌లో పాల్ టేపు సరిగా ఆడదు, మల్టీసిస్టమ్ (వేర్వేరు టీవీ పద్ధతులు ఆడే) వీసీఆర్ కావాలి. రికార్డర్ ఎన్‌టీఎస్‌సీది (అమెరికా టీవీ పద్ధతి) మాత్రమే అయితే పాల్ సిగ్నల్ తీసుకోదు.

ప్లస్‌పార్టీ: ఆయన టేపులూ పాలే, ఆయనుండేదీ ఇక్కడే. దారి మళ్లించకండి.

వీసీఆర్‌వైద్యుడు: అసలు ఇబ్బంది సింక్ (బొమ్మను నిలకడగా ఉంచే సంకేతం). కెమెరా ఆపి మళ్లీ మొదలెట్టిన చోట సిగ్నల్ చెదురుతుంది. రికార్డర్ దాన్ని కాపీ రక్షణ అనుకుని ఆగిపోతుంది. పానసోనిక్ ఈఎస్10 రికార్డర్‌ని వీసీఆర్‌కూ మీ రికార్డర్‌కూ మధ్యలో పెట్టి సిగ్నల్ దాని గుండా పంపితే పైఅంచు వంకర సర్దుకుంటుంది. హార్డ్ డిస్క్‌ది కొంటే మొదటే 3 గంటల మోడ్‌లో తీసుకోండి. అక్కర్లేనివి కోసేసి హైస్పీడ్‌లో డిస్క్‌కు ఎక్కించొచ్చు. ఎక్స్‌పీలో (డిస్క్‌కు గంటే పట్టే మోడ్) తీస్తే మళ్లీ కుదించాలి, ఇంకో 3 గంటలు, నాణ్యతా తగ్గుతుంది.

క్యాసెట్లపెట్టె: బూజు సంగతి ఎవరూ చెప్పలేదు.

ప్లస్‌పార్టీ: ఇయర్‌బడ్‌తో వీసీఆర్ హెడ్డు (టేపును చదివే భాగం) తుడిస్తే సరి.

వీసీఆర్‌వైద్యుడు: అయ్యా, వద్దు! దూది పోగు హెడ్డుకు చిక్కుకుంటే చిప్పు విరుగుతుంది. తెల్ల కాగితాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి డ్రమ్ముకు (హెడ్లు ఉండే, తిరిగే భాగం) ఆనించి పట్టుకోండి. పైనుంచి డ్రమ్మును చేత్తో తిప్పండి. కాగితాన్ని కిందికీ పైకీ కదపొద్దు. బూజు టేపు మంచి వీసీఆర్‌లో పెట్టారో, మిగతా 20కీ అంటుకుంటుంది.